హైడ్రాక్సీయూరియా క్యాన్సర్ మందు కదా, సికిల్ సెల్ ఉన్న మా పాపకు ఎందుకు రాశారు?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను. మీ ఆరేళ్ల పాపకు సికిల్ సెల్ జబ్బు ఉంది, అంటే ఎర్ర కణాలు కొడవలిలా వంగి రక్తనాళాలకు అడ్డుపడే, పుట్టుకతో వచ్చే రక్త జబ్బు. ఏడాదిలో నాలుగుసార్లు నొప్పులతో ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. డాక్టరు హైడ్రాక్సీయూరియా రాశారు. డబ్బాలోని కాగితం చదివితే అంతా రక్త క్యాన్సర్ గురించే ఉంది. భయపడి మూడు వారాలుగా మందు అలాగే పక్కన పెట్టేశారు. "వేరే జబ్బు కోసం పుట్టిన మందును చిన్న పిల్లకు వేయడమంటే మా పాప మీద ప్రయోగం చేసినట్టు కాదా? తలసీమియాకు కూడా థాలిడోమైడ్, మెట్‌ఫార్మిన్ లాంటివి వాడుతున్నారట. ఇలా పాత మందులను కొత్త జబ్బులకు వాడడాన్ని నమ్మవచ్చా?" అని అడిగారు.

నేను రక్త జబ్బులు చూసే డాక్టర్ని. ఇరవై ఏళ్లకు పైగా పుట్టుకతో వచ్చే రక్త జబ్బులున్న పిల్లల్నీ, పెద్దవాళ్లనీ చూస్తున్నాను. సూటిగా చెబుతాను. హైడ్రాక్సీయూరియా విషయంలో ఇది ప్రయోగం కాదు. సికిల్ సెల్ జబ్బుకు ఇంత కాలం, ఇంత మంది మీద పరీక్షించిన మందు ఇంకొకటి లేదు. మీ డాక్టరుకు ఫోన్ చేసి ఇంకా మొదలుపెట్టలేదని దాచకుండా చెప్పండి. ఒకసారి రక్త పరీక్ష చేయించి మొదలుపెట్టండి. రెండో ప్రశ్నకు మాత్రం ఒక్క మాటలో జవాబు లేదు. పాత మందులన్నిటినీ ఒకే గాటన కట్టి నమ్మడమూ తప్పే, కొట్టిపారేయడమూ తప్పే. ఒక్కో మందుకు ఒక్కో కథ ఉంది.

ముందు ఆ కాగితం సంగతి చూద్దాం. ఏ మందుకైనా మొదట ఏ జబ్బుకు అనుమతి వచ్చిందో ఆ జబ్బు పేరే కాగితంలో ముందుంటుంది. హైడ్రాక్సీయూరియాను 1869లోనే జర్మనీలో తయారుచేశారు. దాదాపు వందేళ్లు దానితో ఎవరికీ పెద్దగా పని పడలేదు. అమెరికాలో 1967లో క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. సికిల్ సెల్ ఉన్న పెద్దవాళ్లకు 1998లో వచ్చింది. యూరప్‌లో 2007లో రెండేళ్లు దాటిన పిల్లలకు కూడా ఇచ్చారు. అమెరికాలో పిల్లలకు అధికారికంగా అనుమతి వచ్చేసరికి 2017 అయింది. అప్పటికే అక్కడి డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా పిల్లలకు రాస్తున్నారు. చాలా కంపెనీల డబ్బాల్లో ఇప్పటికీ పాత కాగితమే ఉంటుంది. మీరు చదివింది అబద్ధం కాదు. కానీ ఆ కాగితం మీ పాప జబ్బు గురించి రాసింది కాదు.

ఇది సికిల్ సెల్‌కు ఎలా పనికొచ్చిందో తెలిస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. 1948లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరు న్యూయార్క్‌లో ఒక విషయం గమనించారు. సికిల్ సెల్‌తో పుట్టిన పసిపిల్లలకు మొదటి కొన్ని నెలలు జబ్బు లక్షణాలు పెద్దగా కనబడవు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. దాన్ని ఫీటల్ హిమోగ్లోబిన్ అంటాం. పుట్టాక కొన్ని నెలలకు అది తగ్గిపోయి, పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ దాని చోటికి వస్తుంది. లోపం ఉన్నది ఈ రెండో దానిలో. అంటే మొదటిది తగ్గకుండా ఉన్నంత కాలం బిడ్డకు రక్షణ. మరి ఆ పాత హిమోగ్లోబిన్‌ను మళ్లీ తయారు చేయించగలమా? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి ముప్పై ఏళ్లకు పైనే పట్టింది.

1982లో అజాసైటిడిన్ అనే క్యాన్సర్ మందును తీవ్రమైన బీటా తలసీమియా (హిమోగ్లోబిన్ తగినంత తయారవని, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న ఒక రోగికి ఇస్తే ఫీటల్ హిమోగ్లోబిన్ పెరిగింది. ఎందుకు పెరిగిందన్న దాని మీద వాదన మొదలైంది. మూసుకుపోయిన జన్యువును మందు తెరిచిందని కొందరన్నారు. అదేం కాదు, మూలుగలో కొన్ని కణాలు చచ్చి, మిగిలినవి హడావుడిగా పెరిగేటప్పుడు పాత హిమోగ్లోబిన్ తయారవుతోందని ఇంకొందరన్నారు. ఈ రెండో మాట నిజమైతే, జన్యువును తెరిచే గుణం లేకపోయినా కణాల పెరుగుదలను ఆపే ఏ మందైనా అదే పని చేయాలి కదా. అలాంటి మందు కోసం వెతికితే దొరికింది హైడ్రాక్సీయూరియా. 1984లో కోతుల్లో, తర్వాత సికిల్ సెల్ రోగుల్లో ఫీటల్ హిమోగ్లోబిన్ పెరిగినట్టు చూపించారు. ఒక వాదన తేల్చుకోవడానికి వాడి చూసిన మందు, లక్షల మందికి రోజూ వేసుకునే మందయింది. నా చదువు రోజుల్లో ఇది విన్నప్పటి నుంచి ఈ జబ్బు మీద నా ఆసక్తి ఇంకా ఎక్కువైంది.

మందు చేసే పని ఫీటల్ హిమోగ్లోబిన్ పెంచడం ఒక్కటే కాదు. తెల్ల కణాలను కాస్త తగ్గిస్తుంది. సికిల్ సెల్‌లో అవి రక్తనాళాల గోడలకు అతుక్కుని దారి మూసేయడంలో పాలుపంచుకుంటాయి కాబట్టి, తగ్గడం మేలే. ఎర్ర కణాలు పెద్దవవుతాయి, వాటిలో నీరు నిలుస్తుంది, త్వరగా కొడవలి ఆకారంలోకి వంగవు.

ఇక రుజువులు. అమెరికా, కెనడాల్లో 299 మంది పెద్దవాళ్ల మీద చేసిన ట్రయల్ ఫలితాలు 1995లో వచ్చాయి. సగం మందికి మందు, సగం మందికి ఉత్త బిళ్ళ. ఉత్త బిళ్ళ వేసుకున్న వాళ్లలో ఏడాదికి మధ్యస్థంగా 4.5 సార్లు నొప్పుల అటాక్ వస్తే, మందు వేసుకున్న వాళ్లలో 2.5 సార్లు వచ్చింది. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, అనుకున్న గడువుకు ముందే ట్రయల్ ఆపేశారు. పిల్లల సంగతి అడుగుతారు కదా. 9 నుంచి 18 నెలల పసివాళ్ల మీద చేసిన బేబీ హగ్ అనే ట్రయల్ 2011లో వచ్చింది. అందులో ఉత్త బిళ్ళ గుంపులో 375 సార్లు నొప్పులొస్తే మందు గుంపులో 177 సార్లు వచ్చాయి. చేతులు, కాళ్లు వాచి పసివాళ్లు విలవిల్లాడే స్థితి 123 నుంచి 24కు తగ్గింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: ప్లీహం, మూత్రపిండాలు పాడవకుండా ఆపుతుందేమో చూడడం ఆ ట్రయల్ అసలు ఉద్దేశం, అందులో మాత్రం స్పష్టమైన తేడా కనబడలేదు.

నన్ను అన్నిటికంటే కదిలించింది 2019లో వచ్చిన రీచ్ అధ్యయనం. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండాల్లో 606 మంది పిల్లలకు ఈ మందు ఇచ్చారు. తెల్ల కణాలు తగ్గించే మందు కదా, మలేరియా ఉన్న చోట ఇస్తే పిల్లలకు ఇన్ఫెక్షన్లు పెరుగుతాయేమోనని అందరికీ భయం. జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. నొప్పులు సగానికి పైగా తగ్గాయి, మలేరియా కూడా సగానికి తగ్గింది, మరణాలూ తగ్గాయి. 2014 నాటి అమెరికా మార్గదర్శకాలు అయితే, తొమ్మిది నెలలు దాటిన సికిల్ సెల్ అనీమియా పిల్లలకు నొప్పులు వచ్చినా రాకపోయినా ఈ మందు గురించి తల్లిదండ్రులకు చెప్పి ఇవ్వమంటున్నాయి. మీ పాపకు ఏడాదిలో నాలుగుసార్లు వచ్చాయి. నేనైనా ఇదే రాసేవాణ్ణి.

"ఈ మందు వల్లే క్యాన్సర్ వస్తుందేమో" అన్నది మీరు అడగని ప్రశ్న, కానీ మీ మాటల వెనక అదే ఉంది. నా దగ్గరకు వచ్చే తల్లుల్లో చాలామంది చివర్లో, తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి అడిగేది ఇదే. రక్త క్యాన్సర్ లాంటి మజ్జ జబ్బులున్న వాళ్లలో దీర్ఘకాలం వాడినప్పుడు లుకేమియా రావడం చూశారు. అక్కడ ఆ జబ్బే లుకేమియాగా మారే గుణం ఉన్నది. సికిల్ సెల్ రోగులను ఏళ్ల తరబడి, మొదటి ట్రయల్‌లోని వాళ్లను 17 ఏళ్లకు పైగా గమనించారు. మందు వల్ల క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు. తేలింది ఏమిటంటే, మందు ఎక్కువ కాలం వాడిన వాళ్లు ఎక్కువ కాలం బతికారు.

అలాగని ఊరికే వేసేసి మరచిపోయే మందు కాదిది. రక్త పరీక్షలు చేయించకుండా ఈ మందు వాడకూడదు. మొదట్లో నెలకోసారి, డోసు కుదిరాక రెండు మూడు నెలలకోసారి రక్త కణాల కౌంట్లు చూడాలి. సాధారణంగా పిల్లలకు కిలో బరువుకు రోజుకు 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, కౌంట్లు బాగుంటే ఎనిమిది వారాలకోసారి కొద్దికొద్దిగా 35 దాకా పెంచుతాం. న్యూట్రోఫిల్స్ అనే ఒక రకం తెల్ల కణాలు బాగా తగ్గినా, ప్లేట్‌లెట్లు 80 వేల కంటే తగ్గినా కొన్నాళ్లు ఆపి, కోలుకున్నాక తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెడతాం. పాప బరువు పెరిగే కొద్దీ డోసు మార్చాలి. నా దగ్గరకు వచ్చిన పదేళ్ల అబ్బాయికి "మందు పనిచేయడం లేదు" అని రాసిన చీటీ ఉంది. చూస్తే అయిదేళ్ల వయసులో రాసిన డోసే ఇంకా నడుస్తోంది. బరువుకు తగ్గట్టు పెంచాక మూడు నెలల్లో ఆ అబ్బాయి బడికి రోజూ వెళ్లగలిగాడు.

ఇంకో కేసు చెబుతాను. ఒక అమ్మాయికి పదమూడేళ్లు. ఆరు నెలలైనా నొప్పులు తగ్గలేదు. ఈ మందు రోజూ వేసుకుంటే ఎర్ర కణాల సైజు పెరుగుతుంది, రిపోర్టులో ఎంసీవీ అని ఉంటుంది. ఆమెకు ఆ సంఖ్య కదలనే లేదు. కోప్పడకుండా, అమ్మానాన్నలను బయట కూర్చోమని, ఒంటరిగా అడిగాను. గోళ్లు నల్లబడుతున్నాయని, బడిలో స్నేహితులు అడుగుతున్నారని వారానికి రెండు బిళ్ళలే వేసుకుంటోంది. గోళ్లు నల్లబడడం ఈ మందుతో కొందరికి వస్తుంది, ప్రమాదం లేదు. ఆ సంగతి మొదటిరోజే చెప్పి ఉండాల్సింది నేను. అప్పటి నుంచి అందరికీ ముందే చెబుతున్నాను, మీకూ చెబుతున్నాను. ఫలితం కనబడడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుందని కూడా గుర్తుంచుకోండి. రెండు నెలలు వేసి "తేడా లేదు" అని ఆపేసిన వాళ్లు చాలామంది.

క్యాప్సూల్ విప్పి నీళ్లలో కలపాల్సి వస్తే చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె ఆ పొడిని ముట్టుకోకూడదు. పాప పెద్దయ్యాక పెళ్లి, గర్భం మాట వచ్చినప్పుడు మందు ఆపడం గురించి డాక్టరుతో మాట్లాడాలి. మగపిల్లల్లో వీర్యకణాలు తగ్గవచ్చు, అది కూడా ముందే తెలిసి ఉండాలి.

ఇప్పుడు తలసీమియా. హైడ్రాక్సీయూరియానే తలసీమియాకు కూడా వాడి చూశారు. రక్తం అప్పుడప్పుడు మాత్రమే ఎక్కించుకునే మధ్య రకం వాళ్లలో కొందరికి హిమోగ్లోబిన్ పెరుగుతుంది, కొందరికి ఏమీ కాదు. జన్యు మార్పు ఏ రకం అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. నెలనెలా రక్తం ఎక్కించుకునే వాళ్లలో నేను పెద్దగా ఆశ పెట్టుకోను. ఆరు నెలలు చూసి, ఫలితం లేకపోతే ఆపేస్తాను.

థాలిడోమైడ్ గురించి రాయాలంటే చేయి ఆగుతుంది. 1957లో జర్మనీలో నిద్రమాత్రగా అమ్మారు, గర్భిణులకు వాంతులు తగ్గడానికి కూడా ఇచ్చారు. 1961లో వెనక్కి తీసుకునే లోపు పదివేల మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఎదగకుండా పుట్టారు. అంత చెడ్డ పేరున్న మందు మళ్లీ ఎలా వచ్చింది? 1960ల మధ్యలో జెరూసలేంలో ఒక డాక్టరు, కుష్టు రోగుల్లో వచ్చే బాధాకరమైన రియాక్షన్‌తో నిద్రపట్టని వాళ్లకు నిద్రకోసమని దీన్ని ఇస్తే, ఆ రియాక్షనే తగ్గిపోయింది. తర్వాత మైలోమా అనే మజ్జ క్యాన్సర్‌కు పనికొచ్చింది. ఆ తర్వాత తలసీమియాలో ఫీటల్ హిమోగ్లోబిన్ పెంచుతుందని తెలిసింది. రక్తం ఎక్కించుకునే వాళ్లలో చైనాలో చేసిన ట్రయల్ 2021లో వచ్చింది. ఉత్త బిళ్ళతో పోలిస్తే హిమోగ్లోబిన్ స్పష్టంగా పెరిగింది. కాబట్టి "పనిచేయదు" అని ఎవరైనా అంటే తప్పు.

కానీ నా అభిప్రాయం ఇది: థాలిడోమైడ్‌ను సొంతంగా, ఎవరో చెప్పారని, ఒక్క రోజు కూడా వేసుకోకూడదు. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ప్లీహం తీసేసిన తలసీమియా రోగులకు ఆ ప్రమాదం అసలే ఎక్కువ. నెలలు, ఏళ్లు వాడితే చేతులు, కాళ్ల నరాలు దెబ్బతిని తిమ్మిర్లు వస్తాయి, అవి ఒక్కోసారి తిరిగి తగ్గవు. మైలోమా రోగికి అరవై ఏళ్లుంటాయి, తలసీమియా రోగికి పన్నెండు. ఒకరు కొన్నేళ్లు వాడే మందు, ఇంకొకరు అర్ధ శతాబ్దం వాడాల్సి రావచ్చు. ఈ తేడాను ఏ ట్రయలూ ఇంకా కొలవలేదు. పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్ల విషయంలో చెప్పనక్కర్లేదు. నేను దీన్ని చాలా కొద్దిమందికే ఇచ్చాను. అందరూ రక్తం దొరకడమే కష్టమైన వాళ్లు, లేదా శరీరంలో యాంటీబాడీలు పెరిగి రక్తం సరిపడని వాళ్లు. వాళ్లలో ఒక యువకుడికి హిమోగ్లోబిన్ 6 నుంచి 9కి పెరిగింది, రక్తం ఎక్కించడం ఆగిపోయింది. ఇంకొకరికి పది నెలలకే పాదాల్లో తిమ్మిర్లు మొదలైతే ఆపేశాను.

మెట్‌ఫార్మిన్ షుగర్ మందు. ప్రయోగశాలలో ఫీటల్ హిమోగ్లోబిన్‌ను పెంచుతుందని చూపించారు. మనుషుల్లో జరిగినవి చిన్న అధ్యయనాలే. మూత్రపిండం మార్చిన వాళ్లకు ఇచ్చే సిరోలిమస్ పరిస్థితీ అదే. వీటి మీద పరిశోధన జరగాలని నాకు చాలా ఆశ. కానీ ఈ రోజు నా రోగికి రాసేంత ఆధారం లేదు.

ఆధారం లేకుండా ఎందుకు రాయకూడదో చెప్పడానికి ఒక సంఘటన చాలు. సిల్డెనాఫిల్ అనే మందు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గిస్తుంది. సికిల్ సెల్ రోగుల్లో కూడా ఆ ఒత్తిడి పెరుగుతుంది. కాగితం మీద చూస్తే సరిగ్గా సరిపోయే మందు. ఎంతోమంది డాక్టర్లు నమ్మారు. ట్రయల్ పెట్టారు. మందు వేసుకున్న వాళ్లలో నొప్పులతో ఆసుపత్రిలో చేరిన వాళ్లు 35 శాతం, ఉత్త బిళ్ళ వేసుకున్న వాళ్లలో 14 శాతం. 2009లో ట్రయల్‌ను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. వేరే జబ్బులో సురక్షితమని తేలిన మందే, ఈ జబ్బులో హాని చేసింది. గుండె జబ్బులో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ప్రసుగ్రెల్‌ను 341 మంది సికిల్ సెల్ పిల్లల్లో పరీక్షించారు, 2016లో ఫలితం వచ్చింది. హాని పెద్దగా లేదు, ఉపయోగమూ తేలలేదు. సిద్ధాంతం ఎంత అందంగా ఉన్నా, ఆ జబ్బున్న మనుషుల్లో పరీక్షించే దాకా ఏదీ తెలియదు.

కొత్త మందులకూ ఇదే వర్తిస్తుంది. సికిల్ సెల్ కోసమే ప్రత్యేకంగా తయారు చేసిన వోక్సెలోటర్‌కు 2019లో అనుమతి వచ్చింది. 2024లో ప్రపంచమంతటా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఈ జబ్బు కోసమే పుట్టింది కాబట్టి మంచిది, వేరే జబ్బు కోసం పుట్టింది కాబట్టి చెడ్డది అన్న లెక్క కుదరదు.

గెలిచిన వాటిలో నాకు బాగా ఇష్టమైనది డెస్మోప్రెసిన్. అతిగా మూత్రం పోయే ఒక హార్మోన్ లోపానికి తయారుచేసిన మందు. 1977లో ఇటలీ డాక్టర్లు దాన్ని రక్తం సరిగా గడ్డకట్టని తేలికపాటి హిమోఫిలియా ఏ, వాన్ విల్లెబ్రాండ్ జబ్బులు ఉన్నవాళ్లకు పళ్లు తీసే ముందు ఇచ్చారు. రక్తనాళాల గోడల్లో దాచి ఉన్న గడ్డకట్టే ఫ్యాక్టర్లను అది రక్తంలోకి వదిలిస్తుంది. కొన్ని గంటల పాటు ఆ స్థాయి మూడు నుంచి అయిదు రెట్లు పెరుగుతుంది. వేరేవాళ్ల రక్తం నుంచి తీసిన ఫ్యాక్టరు అక్కర్లేదు. తర్వాతి ఏళ్లలో ఫ్యాక్టరు సీసాల ద్వారా ఎయిడ్స్, హెపటైటిస్ వేలమంది హిమోఫిలియా రోగులకు సోకాయి. ఈ మందుతో పని జరిగిన వాళ్లు ఆ ముప్పు తప్పించుకున్నారు. పాత మందు ఒకటి ఇంత మేలు చేయడం తలచుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

దానిలోనూ మెలిక ఉంది. నిల్వ ఉన్నదాన్నే వదిలిస్తుంది కాబట్టి, నిల్వే లేని తీవ్రమైన హిమోఫిలియాలో పనిచేయదు. హిమోఫిలియా బీలో పనిచేయదు. వాన్ విల్లెబ్రాండ్‌లో 2బీ అనే రకంలో ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. వరసగా రోజూ ఇస్తే ప్రభావం తగ్గిపోతుంది. శరీరంలో నీరు నిలిచి సోడియం పడిపోతుంది కాబట్టి ఆ రోజు నీళ్లు తక్కువ తాగాలి, లేకపోతే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ముక్కులో కొట్టే స్ప్రే రెండు బలాల్లో ఉంటుంది. అతిగా మూత్రం పోయే జబ్బుకు ఇచ్చేది రక్తస్రావానికి ఇచ్చే దాని కంటే చాలా పలచన. ఒక రోగికి ఆపరేషన్ ముందు ఎవరో పలచనిది ఇచ్చారు. రక్తం ఆగలేదు, మందు పనిచేయదని రాసేశారు. సరైన బలంతో పరీక్షిస్తే ఫ్యాక్టరు నాలుగు రెట్లు పెరిగింది. పాత మందును కొత్త పనికి వాడేటప్పుడు పేరు ఒక్కటే చూస్తే సరిపోదు, బలం, డోసు, ఎన్నాళ్లు అన్నవి కూడా చూడాలి.

మరీ అరుదైన జబ్బుల్లో ఈ దారి ఇంకా విలువైనది. శరీరం నిల్వ చేసిన చక్కెరను సరిగా వాడుకోలేని గ్లైకోజెన్ నిల్వ జబ్బులో 1బీ అనే రకం ఉంది. ఆ పిల్లలకు న్యూట్రోఫిల్స్ పడిపోతాయి, నోరంతా పుండ్లు, పదేపదే ఇన్ఫెక్షన్లు. 2019లో కారణం తెలిసింది. మన రక్తంలో గ్లూకోజ్‌ను పోలిన ఒక చక్కెర కొద్దిగా ఉంటుంది. మామూలు వాళ్లలో కణాలు దాని విషరూపాన్ని శుభ్రం చేసుకుంటాయి. ఈ పిల్లల్లో ఆ పని జరగక న్యూట్రోఫిల్స్ చచ్చిపోతున్నాయి. అంటే ఆ చక్కెరను శరీరం నుంచి బయటికి పంపితే చాలు. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు గ్లూకోజ్‌ను మూత్రంలో పోగొడుతుంది, దానితోపాటు ఈ చక్కెర కూడా పోతుంది. 2020లో నలుగురు రోగులకు ఇచ్చి చూస్తే పుండ్లు మానాయి, న్యూట్రోఫిల్స్ మెరుగయ్యాయి. నేను ఇలాంటి పిల్లవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. అయిదు వారాలకు నోట్లో పుండ్లు మాని, మొదటిసారి ఏడవకుండా అన్నం తిన్నాడని వాళ్లమ్మ చెప్పినప్పుడు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయితే ఆ పిల్లలకు గ్లూకోజ్ అసలే పడిపోతుంటుంది కాబట్టి, ఆసుపత్రిలో ఉంచి గమనిస్తూ మొదలుపెట్టాలి.

ఇంకొన్ని క్లుప్తంగా. గర్భాశయ జబ్బుకు వాడే డానజోల్‌ను, టెలోమియర్లు (క్రోమోజోముల చివరి కొసలు) పుట్టుకతోనే పొట్టిగా ఉండి మజ్జ ఎండిపోయే వాళ్లకు ఇస్తే చాలామందిలో కౌంట్లు పెరిగాయని 2016లో వచ్చింది. ఎంవైహెచ్9 అనే జన్యు లోపంతో ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న 12 మందిలో 11 మందికి ప్లేట్‌లెట్లు పెంచే ఎల్ట్రోంబోపాగ్ అనే మందు పనిచేసింది. ఆపరేషన్ ముందు కొన్ని వారాలు ఇవ్వడానికి చాలా ఉపయోగం. ఈ జబ్బును ఐటీపీగా (శరీరమే తన ప్లేట్‌లెట్లను నాశనం చేసుకునే జబ్బుగా) పొరబడి స్టెరాయిడ్లు ఇచ్చి, చివరికి ప్లీహం కూడా తీసేయించుకున్న వాళ్లు నా దగ్గరకు వచ్చారు, చూస్తే బాధేస్తుంది. ఐరన్ ఉన్నా దాన్ని హిమోగ్లోబిన్ తయారీకి వాడుకోలేని సైడెరోబ్లాస్టిక్ అనీమియాలో ఒక రకానికి మామూలు విటమిన్ బీ6 బిళ్ళ పనిచేస్తుంది. ఒక పెద్దాయన పన్నెండేళ్లుగా ఐరన్ మాత్రలు వాడుతున్నారు. ఆయన శరీరంలో ఐరన్ అప్పటికే నిండిపోయి ఉంది. బీ6 ఇచ్చాక మూడు నెలల్లో హిమోగ్లోబిన్ 7 నుంచి 10.5 అయింది. ఈ మూడింటిలోనూ మందు కంటే ముందు కావాల్సింది జబ్బు అసలు పేరు. జన్యు పరీక్ష చేయించకుండా పాత మందుల వెంట పడితే ఫలితం ఉండదు.

ఒకే మందు ఒకరికి ప్రాణం పోసి ఇంకొకరికి ప్రాణం మీదికి తెస్తుందనడానికి మిథిలీన్ బ్లూ ఉదాహరణ. ఒకప్పటి బట్టల రంగు అది. పుట్టుకతో వచ్చే మెథెమోగ్లోబినీమియాలో ఒళ్లు నీలంగా మారితే, ఇది ఇస్తే రంగు మామూలవుతుంది. ఎర్ర కణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఇస్తే ఎర్ర కణాలు పగిలిపోతాయి. ముందు ఆ పరీక్ష చేయించాలి.

ఇన్ని మంచి ఫలితాలుంటే ఎందుకు ఎక్కువ పరిశోధన జరగడం లేదని మీకు అనిపించవచ్చు. పేటెంట్ అయిపోయిన మందు మీద పెద్ద ట్రయల్ పెట్టడానికి ఏ కంపెనీకీ లాభం ఉండదు. పైగా జబ్బు అరుదైనది. అందుకే ఇలాంటి ట్రయల్స్ ఎక్కువగా ప్రభుత్వ డబ్బుతో, విశ్వవిద్యాలయాల్లో, కొద్దిమంది డాక్టర్ల పట్టుదలతో జరుగుతాయి. హైడ్రాక్సీయూరియాకు పిల్లల అనుమతి రావడానికి అన్నేళ్లు పట్టడానికి ఇదీ ఒక కారణం.

ఇకమీదట ఏదైనా పాత మందు గురించి వార్త చదివితే, ఫలానా జబ్బున్న మనుషుల్లో పరీక్షించారా, ఎలుకల్లోనా అని ముందు చూడండి. మనుషుల్లోనే అయితే దేన్ని కొలిచారో చూడండి. ఫీటల్ హిమోగ్లోబిన్ శాతం పెరిగిందనడం వేరు, పిల్లకు నొప్పులు తగ్గాయనడం వేరు. ఎన్నేళ్లు గమనించారో, ఉత్త బిళ్ళతో పోల్చారో లేదో చూడండి. మీ డాక్టరు వేరే జబ్బు మందు రాస్తే "ఇది మా జబ్బులో ఎంతమందికి ఇచ్చి చూశారు, ఏ పరీక్షలు చేయిస్తూ వాడాలి, ఎప్పుడు ఆపాలి" అని మొహమాటం లేకుండా అడగండి. మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోరు.

మీ పాప విషయానికొస్తే, రేపే ఫోన్ చేయండి. మొదలుపెట్టే ముందు కౌంట్లు, మూత్రపిండాలు, కాలేయం పరీక్షలు ఒకసారి చేయిస్తారు. పెన్సిలిన్, టీకాలు ఏవి నడుస్తున్నాయో అవి ఆపకండి, ఈ మందు వాటికి బదులు కాదు. జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే రాత్రి పన్నెండైనా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒక నోటు పుస్తకం పెట్టి, నొప్పి వచ్చిన ప్రతి రోజూ తేదీ రాయండి. పక్కనే ప్రతి రిపోర్టులోని ఎంసీవీ, న్యూట్రోఫిల్స్ సంఖ్య రాయండి. ఆరు నెలల తర్వాత ఆ రెండు వరసలూ ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.